ఉప్పు సీసాకి అద్దె తీసుకుందని నవ్వే ముందు

ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని విహారపు ఊరు బ్లాక్‌పూల్ ఫొటో, 1950ల నాటిది, ఒకటి తిరుగుతూనే ఉంటుంది. ఇసుకలో మడత కుర్చీలు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో నిలబడ్డ పెద్దమనుషులు, వెనకాల 158 మీటర్ల టవరు. దాన్ని చూసి జనం అనే మాటలు రెండే రకాలు. "ఆ రోజులే వేరండీ" అన్నది ఒకటి. రెండోది అక్కడ గెస్ట్‌హౌస్ నడిపిన ల్యాండ్‌లేడీ మీద జోకు: పొద్దున పదింటికి బయటికి తోలేదట, వాన పడినా తలుపు తీసేది కాదట, స్నానానికి వేరే డబ్బులట, చివరికి ఉప్పూ మిరియాల సీసాలు బల్ల మీద పెట్టినందుకూ బిల్లేనట.

ఈ రెండు మాటలూ విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆవిడ పెట్టిన రూల్సులో ముప్పాతిక వంతు పొయ్యి, బాయిలరు, దుప్పట్ల లెక్కలోంచి పుట్టినవి. మిగతా పాతిక వంతు అచ్చమైన కక్కుర్తి. ఏది ఏదో విడదీసి చూడకుండా మురిసిపోవడమూ తప్పే, వెక్కిరించడమూ తప్పే.

ముందు ఆ జనం ఎక్కడినుంచి వచ్చారో చూడండి. బ్లాక్‌పూల్ ఉన్న లాంకషైర్ ప్రాంతంలో బట్టల మిల్లులున్న ఊళ్లకి "వేక్స్ వీక్" ఉండేది. ఊళ్లో మిల్లులన్నీ ఒకే వారం మూసి బాయిలర్లు శుభ్రం చేసుకునేవి. ఒక్కో ఊరికి ఒక్కో వారం: బర్న్‌లీకి జూలైలో, ఓల్డమ్‌కి ఆగస్టు చివర. జూలై రెండో సగంలో స్కాట్లాండ్ నుంచి గ్లాస్గో జనం దిగేవాళ్లు. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది గానీ వెంటనే యుద్ధం రావడంతో, దాని ఫలం జనం చేతికందింది 1945 తర్వాతే. ఏడాది పొడుగునా మిల్లు క్లబ్బులో వారానికింత అని దాచుకున్న డబ్బు ఆ ఒక్క వారంలో ఖర్చయ్యేది. బ్లాక్‌పూల్ సెంట్రల్ స్టేషన్‌కి 14 ప్లాట్‌ఫారాలు ఊరికే కట్టలేదు.

అంటే ల్యాండ్‌లేడీకి శనివారం ఒక ఊరు వెళ్లిపోతుంది, అదే శనివారం ఇంకో ఊరు దిగుతుంది. మే చివర మొదలై సెప్టెంబరుకి సీజన్ అయిపోతుంది. బ్లాక్‌పూల్‌కి మాత్రం సముద్రపు ఒడ్డంతా కరెంటు దీపాలతో అలంకరించే దీపాల పండగ ఉంది కాబట్టి శరత్కాలంలో ఇంకొన్ని వారాలు కలిసొచ్చేవి. యుద్ధంలో ఆపేసిన ఆ దీపాలు మళ్లీ వెలిగింది 1949లో. సంవత్సరం మొత్తం మీద నిండా జనం ఉండే వారాలు పదీ పన్నెండు. ఇంటి పన్ను, అప్పు, చలికాలం బొగ్గు మాత్రం 52 వారాలకీ.

ఎనిమిది గదులు, ఇరవై మంది అతిథులున్న ఇల్లు అనుకోండి. ఆవిడ, ఆయన, కూతురో మరదలో, మహా అయితే జీతానికి ఒక పిల్ల. శనివారం పొద్దున పదికల్లా పాతవాళ్లు ఖాళీ చేయాలి, మధ్యాహ్నం నుంచి కొత్తవాళ్లు గుమ్మంలో ఉంటారు. ఆ మధ్యలో పాతిక దుప్పట్లు, ఇరవై దిండు గలీబులు మార్చాలి, మంచాల కింద రాత్రిపూట వాడే మూత్రపు కుండలు కడగాలి, మెట్లు తుడవాలి. వాషింగ్ మెషీన్ లేదు, ఆ తీరంలో ఎండని నమ్మలేం. కాబట్టి రెండో జత దుప్పట్లు ఉండాలి, లేదా లాండ్రీకి డబ్బు కట్టాలి. రెండు వారాలు ఉండేవాళ్లకి రెండో వారం పై దుప్పటి తీసి కింద పరిచి, పైకి మాత్రం ఉతికింది వేసేవాళ్లు. దాంతో ఉతుకుడు సగం తగ్గేది.

స్నానం సంగతి చూద్దాం. వంటింటి పొయ్యి వెనక బాయిలరు, దాని పైన రాగి ట్యాంకు, మహా అయితే 135 లీటర్లు. ఒక్క తొట్టి స్నానం వేడినీళ్లే అరవై లీటర్లు తాగుతుంది. ఇద్దరు చేస్తే ట్యాంకు ఖాళీ, మళ్లీ కాగడానికి గంటా రెండు గంటలు. ఈలోగా ఇరవై మంది తిన్న పళ్లేలకి పట్టిన కొవ్వు చల్లనీళ్లకి వదలదు. అందుకే స్నానం ముందే చెప్పుకోవాలి, విడిగా డబ్బివ్వాలి. గదిలోనే వేడినీళ్లూ చల్లనీళ్లూ వచ్చే బేసిన్ ఉంటే దాన్ని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకునేవాళ్లంటే, అది అప్పట్లో ఎంత గొప్పో అర్థం చేసుకోండి.

భోజనానికి గంట కొడితే అందరూ ఒకేసారి కూర్చోవాలి. మన పెళ్లి బంతి లాంటిదే: మొదటి విస్తట్లో వడ్డన మొదలయ్యాక ఆలస్యంగా వచ్చినవాడి కోసం పొయ్యి మళ్లీ వెలిగించరు. మనిషికి పావుకిలో చొప్పున రోజూ ఐదు కిలోల బంగాళాదుంపలు చెక్కు తీయాలి. తొమ్మిదింటికి టిఫిన్ ముగించకపోతే మధ్యాహ్నం భోజనం వేళకి అందదు. పదింటికి బయటికి పంపేది ఈ గదులూ, ఈ దుంపలూ రెండూ పూర్తి కావాలనే.

ఇక ఉప్పు సీసాలు. అందరూ ఎక్కువగా నవ్వేది, తక్కువగా తెలుసుకునేది దీని గురించే. పాత పద్ధతిలో గది అద్దె మంచానికే, తిండికి కాదు. మాంసం, గుడ్లు, టీపొడి అతిథులే కొనుక్కొచ్చి ఇస్తే ఆవిడ వండిపెట్టేది. అల్మరాలో ఒక్కో కుటుంబానికి ఒక అర. ఆరు కుటుంబాల మాంసం ముక్కలు ఒకే పొయ్యి మీద, ఎవరిది ఎవరికో తేడా రాకూడదు. "మా చక్కెర తగ్గింది" అనే గొడవలు వచ్చేది ఇక్కడే. ఆ పద్ధతిలో ఇంటివాళ్లు సొంతంగా పెట్టే సరుకు ఉప్పు, మిరియాలు, ఆవాల ముద్ద, వెనిగర్ మాత్రమే, అందుకే వాటికి విడిగా ఇన్ని పెన్నీలని బిల్లులో రాసేవాళ్లు. ఇవాళ రెండు రాత్రుల అద్దెకి ఆన్‌లైన్‌లో "క్లీనింగ్ ఫీజు" నోరుమూసుకుని కట్టేవాళ్లు దాన్ని చూసి నవ్వడం విడ్డూరం. యుద్ధం తర్వాత మూడు పూటలా భోజనంతో కలిపి ధర చెప్పడం మామూలైంది గానీ, 1954 జూలైలో మాంసం మీద రేషన్ ఎత్తేసేదాకా వారం బసకి వచ్చేవాళ్లు సంచిలో రేషన్ పుస్తకం కూడా పెట్టుకుని రావాల్సిందే.

ఆవిడని ఇంతసేపు వెనకేసుకొచ్చాం కదా, ఇప్పుడు ఆ పాతిక వంతు. వాన రోజున అతిథులు కూర్చోవడానికి ముందుగది ఉండాలి. చాలా ఇళ్లలో ఆ ముందుగదిలోనూ మంచాలు వేసేశారు, జులైలో ప్రతి మంచమూ డబ్బే మరి. మిగిలింది ఒక్క భోజనాల గది, అందులో ఎప్పుడూ ఎవరో బల్లలు సర్దుతూనే ఉంటారు. పిల్లల్ని వేసుకుని బస్ షెల్టర్లలో తడిసిన కుటుంబాలకి ఆ కష్టం వచ్చింది దీనివల్ల. వేల్స్‌లోని బ్యారీ ఐలండ్‌లో అలాంటివాళ్లని చూశాకే తనకి హాలిడే క్యాంపు, అంటే బస, భోజనం, వినోదం అన్నీ ఒకేచోట ఉండే విడిది, ఆలోచన వచ్చిందని వ్యాపారి బిల్లీ బట్లిన్ చెప్పుకున్నాడు. 1936లో స్కెగ్‌నెస్‌లో మొదటి క్యాంపు తెరిచి, వారం జీతానికి వారం సెలవు అని ప్రచారం చేసి బాగుపడ్డాడు.

ఇంకోటి ఇంతకంటే పెద్దది. "ఆ రోజులే వేరు" అనే మనవాళ్లు ముఖ్యంగా వినాలి. లాంకషైర్‌లోని నెల్సన్ క్లబ్బుకి ఏళ్ల తరబడి ఆడిన వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్‌కి 1943లో లండన్ హోటల్ ఒకటి, నల్లవాడన్న కారణంతో, బుక్ చేసుకున్న బస ఇవ్వనంది. 1944లో కోర్టులో గెలిచాడు. తర్వాత 1965లో జాతి వివక్ష చట్టం హోటళ్లకి వర్తించింది, బోర్డింగ్ హౌస్‌లని మాత్రం వదిలేసింది. 1968 చట్టం ఆ కన్నాన్ని చాలావరకు పూడ్చింది, యజమాని కూడా కాపురం ఉండే చిన్న ఇళ్లకి మాత్రం అప్పటికీ మినహాయింపు మిగిలిపోయింది. అంటే 1960ల్లో అక్కడి ఆస్పత్రుల్లో పనికి వెళ్లిన మన డాక్టరు, కిటికీలో "గదులు ఖాళీ" అన్న బోర్డు చూసి తలుపు తట్టినా "ఇప్పుడే నిండిపోయాయి" అని చెప్పి పంపేస్తే అడగడానికి చట్టం లేని రోజులవి.

జనాన్ని స్పెయిన్‌కి సెలవులకి తీసుకెళ్లిన విమానాలే ఈ వ్యాపారాన్ని చంపాయంటారు, అది సగమే. 1950లో హొరైజన్ అనే టూర్ల కంపెనీ 32 పౌండ్ల 10 షిల్లింగులకి ఫ్రాన్స్ దీవి కోర్సికాకి విమానంలో తీసుకెళ్లినప్పుడు బ్లాక్‌పూల్‌లో ఎవరూ ఉలిక్కిపడలేదు. 1964 నవంబరులో సెంట్రల్ స్టేషన్ మూతపడింది, కార్లు కొనుక్కున్నవాళ్లు వారం ఉండటం మానేసి రెండు రాత్రులకి దిగారు. అసలు దెబ్బ 1971 అగ్నిప్రమాద చట్టం. ఆరుగురికి మించి పడుకునే ఇంటికి సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది: వాటంతటవే మూసుకునే నిప్పు తలుపులు, పొగ చొరబడని మెట్లదారి, అలారం. 1969లో ఒక హోటల్లో మంటలు లేచి పదకొండు మంది చనిపోయాక వచ్చిన చట్టమది, తప్పుపట్టలేం. కానీ చెక్క మెట్లున్న పాత ఇంటికి ఆ ఖర్చు ఎన్నో సీజన్ల లాభం. 1973లో వ్యాట్ అనే అమ్మకపు పన్ను కూడా వచ్చింది. చాలామంది అమ్ముకున్నారు, ఇళ్లు ఒంటిగది అద్దెలుగా చీలిపోయాయి. 2019 ప్రభుత్వ వెనకబాటు సూచీలో ఇంగ్లండ్ మొత్తంలో అతి వెనకబడిన స్థానిక ప్రాంతం బ్లాక్‌పూలే.

మిగిలినవాళ్లు గదిగదికీ బాత్‌రూమ్ పెట్టారు, అంటే మూల గోడ కట్టి ముప్పాతిక మీటరు వెడల్పున షవర్ ఇరికించారు. అక్కడ దిగితే తల పైకెత్తి చూడండి, పాత పైకప్పు అంచు అలంకారం ఆ గోడ దగ్గర టక్కున తెగి ఉంటుంది. పెద్ద డ్రైనేజీ గొట్టం ఇంటి వెనకవైపే ఉంటుంది కాబట్టి ముందువైపు గదుల్లో టాయిలెట్‌కి నలిపి పంపే మోటారు, సన్న గొట్టం ఉంటాయి. అందులో తడి టిష్యూ వేస్తే జామ్ అవుతుంది. అర్ధరాత్రి ఫ్లష్ నొక్కితే పక్క రెండు గదులూ లేస్తాయి.