కోళ్ళ షెడ్డులో ర్యాంకుల పంట

మా వీధి చివరి చికెన్ దుకాణానికి పోయిన ఆదివారం కొత్త బోర్డు వచ్చింది. 'మూలికలు మేసిన కోడి. కిలోకు 90 రూపాయలు అదనం.' ఆకుపచ్చ అక్షరాలు, కింద తులసి కొమ్మ బొమ్మ. ఆ కొమ్మ వేసింది నా జేబు కోసమని అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. అయినా ఉండబట్టలేక అడిగాను.

"ఇది మూలికలు తింటే, ఆ పక్క గంపలోవి ఏం తిన్నాయి బాబూ?"

అతను కత్తి ఆపి నావైపు జాలిగా చూశాడు. "అవన్నీ అడగకూడదండీ. స్కిన్‌తోనా, స్కిన్ తీసేయమంటారా?"

అడగకూడదన్నాడు కాబట్టి రాస్తున్నాను.

రోగం లేని జీవికి మందు పెట్టాలన్న మహత్తర ఆలోచన మొదట మనకు వచ్చింది కాదు. 1940ల చివర్లో అమెరికాలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూస్తే అవి బరువెక్కాయి. ఇంకేం, దాణాలో చిటికెడు యాంటీబయాటిక్ కలపడం లోకాచారమైపోయింది. మనం మాత్రం వెనకబడతామా? 2014లో సీఎస్ఈ అనే పర్యావరణ పరిశోధన సంస్థ ఢిల్లీ పరిసరాల్లో 70 చికెన్ నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో మందుల అవశేషాలు దొరికాయి. సొంత బిడ్డకు జలుబు చేస్తే రెండు రోజులు చూద్దాంలే అంటాం. ఒక్క తుమ్మైనా తుమ్మని కోడికి మాత్రం పూట తప్పకుండా మందు.

చిటికెడు అన్నాను చూశారా, కిటుకంతా అందులోనే ఉంది. బ్యాక్టీరియాను చంపడానికి నిండు మోతాదు కావాలి. చాలీచాలని మోతాదు ఇస్తే అవి మందుకే అలవాటు పడతాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో, నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. ఆయనకు తెలియనిదల్లా ఒకటే: దీన్ని మనం కోచింగ్ అంటామని.

వేల కోళ్ళున్న షెడ్డును రెసిడెన్షియల్ కాలేజీ అనుకోండి. గాలాడదు, కాలు చాపుకునే చోటుండదు, రాత్రి పొద్దుపోయినా దీపాలు ఆరవు. పోలిక కోసం నేను కష్టపడాల్సిన పనే లేకపోయింది. విద్యార్థి పేరు ఈ.కొలి, పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. పొద్దున్నే దాణాతోపాటు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పేపరు, చాలా తేలికగా ఇస్తారు. తప్పినవాడు చస్తాడు, గట్టెక్కినవాడు వసతి కుదిరితే 20 నిమిషాల్లో ఇద్దరవుతాడు. వారాంతానికి ఎన్‌రోఫ్లోక్సాసిన్ అనే మరో మందుతో గ్రాండ్ టెస్టు. వెనక బెంచీలో ఒకడికి జవాబు తెలుసు. దాన్ని ప్లాస్మిడ్ (జన్యువులను మోసే చిన్న డీఎన్ఏ ఉంగరం) అనే చీటీ మీద ఎక్కించి పక్కవాడికి అందిస్తాడు. పక్కవాడు సొంత కులంవాడే అయి ఉండాలన్న పట్టింపు లేదు, సాల్మొనెల్లా, క్లెబ్సియెల్లా లాంటి వేరే జాతి బ్యాక్టీరియాకైనా ఇస్తాడు. ఈ ఒక్క విషయంలో వాళ్ళు మనకంటే నాగరికులు. ఆరు వారాలకు బ్యాచి పూర్తవుతుంది. కోళ్ళు లారీ ఎక్కుతాయి, పెంట పొలానికి పోతుంది, కడిగిన నీళ్ళు కాలువలో కలుస్తాయి, ఉత్తీర్ణులు ఊళ్ళోకి చేరతారు. ఒక్కటే లోటు. మర్నాడు పత్రిక మొదటి పేజీ నిండా 'ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు' అంటూ ఫొటోలు పడవు. ఈ.కొలికి టై కట్టడం కుదరక కాబోలు.

ఈ కాలేజీలో ఆఖరి పేపరు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్. మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 1970లలో డాక్టర్లు దాన్ని అటకెక్కించారు. మిగతా మందులు ఒక్కొక్కటే చేతులెత్తేశాక గతిలేక దించుకున్నారు. ఐసీయూలో దాన్ని రోగి బరువు చూసి, కిడ్నీల పరిస్థితి చూసి, లెక్కగట్టి ఎక్కిస్తారు. అదే మందును దాణా బస్తాల్లో కలిపారు, కోడి కండపట్టడానికి! 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు పందుల్లోని ఈ.కొలిలో, ప్లాస్మిడ్ మీద, కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువును కనిపెట్టామని ప్రకటించారు. అంటే ఆఖరి పేపరు జవాబూ చీటీకెక్కింది. మన ప్రభుత్వం పశువుల్లో, కోళ్ళలో, చేపల చెరువుల్లో కొలిస్టిన్‌ను నిషేధించింది 2019 జులైలో.

ఇక నాకు నవ్వు రావడం లేదు. నెలలు నిండకుండా పుట్టిన కిలోన్నర బిడ్డ రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరితే ల్యాబు నుంచి ఒక కాగితం వస్తుంది. మందుల పేర్లు వరుసగా ఉంటాయి, ప్రతి పేరు పక్కన ఒక అక్షరం. ఆర్ అని ఉంటే ఆ మందు పనిచేయదని. ఆర్, ఆర్, ఆర్, ఆర్. పత్రికలో పడలేదన్నానే, ఆ ర్యాంకుల ప్రకటన ఇదే. వరండాలో తండ్రి ఆ కాగితం పట్టుకుని దీని అర్థమేమిటని కనిపించిన ప్రతి నర్సునూ అడుగుతుంటాడు. తప్పంతా కోళ్ళదే అనను. జలుబుకు అజిత్రోమైసిన్ కొనుక్కుని మింగే మనమూ ఆ కాలేజీకి ఫీజు కట్టినవాళ్ళమే. కానీ కోడి రెండు రోజులు ముందుగా తూకానికి రావడం కోసం ఆ బిడ్డకు మిగిలిన ఒక్క మందును ఖర్చు చేయడమేమిటి? ఎవరిచ్చారు ఆ హక్కు? సిగ్గుండాలి.

సరే, ఈ మందుల బదులు పెడుతున్నామంటున్న మూలికల దగ్గరికి వద్దాం. వాములో థైమాల్, లవంగంలో యూజెనాల్, వెల్లుల్లిలో అల్లిసిన్ ఉన్నాయి. ప్రయోగశాల గాజు పళ్ళెంలో అవి బ్యాక్టీరియాను బాగానే చంపుతాయి. కోడి కడుపులో సంగతి వేరు. ఎంత మోతాదు, ఏ నాణ్యత, పేగుదాకా ఎంత చేరుతుంది అన్నవి తేలాలి. బస్తా మీద మాత్రం 'ప్రత్యేక మూలికా మిశ్రమం' అని ఉంటుంది, గ్రాములు ఉండవు. చిటికెడు టెట్రాసైక్లిన్ పోయి చిటికెడు వాము వచ్చింది. షెడ్డు అదే, ఇరుకు అదే, కాళ్ళకింద తడిసిన ఊక అదే. నెదర్లాండ్స్ 2009 తర్వాతి పదేళ్ళలో పశువుల యాంటీబయాటిక్ అమ్మకాలను సగానికి పైగా తగ్గించింది. ఏ రైతు ఎంత వాడాడో, ఏ పశువైద్యుడు ఎంత రాశాడో లెక్క తీసి ముందు పెట్టారు. తులసి బొమ్మ ఎక్కడా వేసినట్టు లేదు.

మా పిన్ని గేదెకు ఆ మధ్య పొదుగువాపు మొదలైంది. ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) వాళ్ళు ప్రచారం చేస్తున్న ముద్ద నూరుతోంది: కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15. సున్నం తగలగానే రోట్లో ముద్ద ఎర్రగా తిరిగింది.

"గేదెకు పారాణి పెడుతున్నావా పిన్నీ?"

"ఆ, సంబంధం కుదిరింది. నువ్వు ఆ చెంబు ఇటు అందుకో."

పాలు చివరి చుక్కదాకా పిండేసి, పొదుగు కడిగి, ముద్దను నీళ్ళలో కలిపి రాసింది. రోజుకు పదిసార్లు, అయిదు రోజులు. జ్వరం వచ్చినా మేత మానేసినా డాక్టరును పిలవాలని ఆమెకు తెలుసు, నంబరు గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. మందుల షాపు కుర్రాడు దారిన పోతూ ఆగి, "ఒక్క సూదితో పోయేదానికి ఇంత చాకిరీ ఎందుకమ్మా" అన్నాడు.

"సూది వేశాక ఎన్నాళ్ళు పాలు కేంద్రానికి పోయకూడదో చెప్పు నాయనా" అంది పిన్ని, రోకలి ఆపకుండానే.

"అవన్నీ అడగకూడదమ్మా" అన్నాడు.