అతిథి మర్యాదలు తెలియని కుక్కలు

హైదరాబాద్‌కు చుట్టాలొస్తే ఏం చూపించాలన్న విషయంలో ఈ నగరంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. పొద్దున చార్మినార్, ఎండెక్కాక సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు పడిగాపులు, సాయంత్రం గోల్కొండలో చప్పట్లు, రాత్రి బిర్యానీ. ఓపికుంటే మర్నాడు జూపార్కు. ఈ కార్యక్రమానికి ఈమధ్య ఒక పూట కరుణ కూడా చేరింది. అంటే జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్లి, కాలు విరిగిన కుక్కనో రెక్క తెగిన గద్దనో పరామర్శించి, పక్కన నిలబడి ఫొటో దిగి, ‘మనుషుల కన్నా ఇవే నయం’ అని స్టేటస్ పెట్టుకోవడం. టికెట్ లేదు, పుణ్యం ఉంది, గోల్కొండ ఫొటో కన్నా లైకులూ ఎక్కువే.

ఇంత మంచి అవకాశాన్ని మన కేంద్రాలు చేజేతులా ఎలా పాడుచేసుకుంటున్నాయో చెప్పడం పర్యాటక రంగం మేలు కోరేవాడిగా నా బాధ్యత. భీమవరం నుంచి మా పెద్దబావగారు, అక్కయ్య, ఇంటర్ చదివే మేనల్లుడు వచ్చినప్పుడు ఊరి శివార్లలోని ఒక కేంద్రానికి తీసుకెళ్లాను. పేరు చెప్పను. వాళ్ల పరువు వాళ్లకుండాలి.

మొదటి లోపం గేటు దగ్గరే ఎదురైంది. స్వాగతం పలికేవాళ్లు లేరు. ఫినాయిల్, బ్లీచింగ్, ఒక మూల పెద్ద గిన్నెలో బియ్యంతోపాటు ఉడుకుతున్న కోడికాళ్లు, మూడూ కలిసిన వాసన మాత్రం ఉంది. లోపలికి వెళ్లాలంటే ఒక తొట్టిలో మందు నీళ్లు పోసి అందులో కాళ్లు ముంచమన్నారు. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుందట, రోడ్డు మీది నుంచి మన చెప్పులతోనే లోపలికి వస్తుందట, టీకా పడని కుక్కపిల్లకు సోకితే రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుందట. అందుకని పిల్లల వార్డులోకి అసలు ఎవర్నీ రానివ్వరట. మా అక్కయ్య ప్రయాణం కోసం కొన్న కొత్త చెప్పులు మందు నీళ్లలో ముంచుతూ, “మా అత్తగారు ఐసీయూలో ఉన్నప్పుడు పులిహోర క్యారియరుతో తిన్నగా మంచం దాకా వెళ్లాం. ఎవరూ ఇంత రాద్ధాంతం చెయ్యలేదు” అంది. ఆ మాటకు ఆ కేంద్రం దగ్గర జవాబు లేదు.

దూరం పాటించమనడం వీళ్లకు ఒక జబ్బు. 2021 మేలో మన నెహ్రూ జూపార్కులోనే ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా తేలింది. అప్పట్నుంచి జంతువుల దగ్గర పనిచేసేవాళ్లు మనల్ని అనుమానంగా చూడ్డం ఎక్కువైంది. అడవి మృగాల వల్ల మనకు ప్రమాదమని పెద్దలు చెప్పగా విన్నాం కానీ, మనవల్ల సింహానికి ప్రమాదమని భీమవరం వచ్చి ఎవరైనా చెప్తే నమ్మే మనిషి కాదు మా బావగారు.

ఆయనకు జంతువులంటే ప్రాణమని ఇక్కడ మనవి చేయాలి. సంక్రాంతి దగ్గర పడితే మా మేనల్లుడి పరీక్ష ఫీజన్నా మర్చిపోతారేమో గానీ, పందెంకోడికి బాదంపప్పు, కోడిగుడ్డు, కైమా వేళకు అందాల్సిందే. చెరువులో ఈత కొట్టిస్తారు, ఒళ్లు పడతారు. ఇంత అల్లారుముద్దుగా పెంచిన దాని కాలికి కత్తి కట్టి బరిలోకి వదిలేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. కోళ్లను రెచ్చగొట్టి పోట్లాడించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. ప్రభుత్వం ఎంత కఠినంగా ఉందంటే, ఆ చట్టం కింద మొదటిసారి దొరికితే పది రూపాయలకు తగ్గకుండా జరిమానా వేస్తారు. యాభైకి మించదు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె చెక్కుచెదరలేదు. బంగారం పెరిగింది, ఉల్లిపాయ పెరిగింది, మూగజీవిని కొడితే పడే ఖర్చు మాత్రం రెండు ఇరానీ చాయ్‌ల దగ్గరే నిలబడింది. ధరల అదుపులో మన దేశం సాధించిన విజయం ఇదొక్కటే. దీన్నెవరూ గుర్తించకపోవడం విచారకరం.

ఇక కుక్కల సంగతి. మూడు కాళ్ల కుక్క ఒకటి నీడన పడుకుని ఉంది. బావగారు ఎదురుగా నిలబడి చిటికెలు వేశారు, ఈల వేశారు. అది ఒక కన్ను తెరిచి చూసి, అటు తిరిగి పడుకుంది. “ఆయ్, భీమవరం నుంచి వచ్చామండీ” అని అక్కడ పనిచేసే ఆమెతో ఫిర్యాదుగా అన్నారు. కుక్కకైతే ఆ మాట వినిపించింది, లాభం లేకపోయింది. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మనిషికి కనీసం తోక ఊపాలన్న ఇంగితం లేదు. ప్రాణాలు కాపాడి, మూడు పూటలా తిండి పెట్టి, ఇంత చేసి కృతజ్ఞత నేర్పకపోతే ఆ సంరక్షణ దేనికి? కొన్ని కుక్కలనైనా ఎంపిక చేసి, వారాంతాల్లో సందర్శకుల ఒళ్లో తల పెట్టి కళ్లు తుడుచుకునేలా శిక్షణ ఇప్పించాలి.

మా మేనల్లుడు ప్రేమకొద్దీ చాక్లెట్ క్రీమ్ బిస్కెట్లు తెచ్చాడు. ప్యాకెట్ విప్పాడో లేదో ఆమె పరుగెత్తుకొచ్చింది. “గవి పెట్టకు బిడ్డా, చాక్లెట్ కుక్కకు విషం. పాణం మీదికొస్తది.” మరి ఏం పెట్టాలంటే ఏమీ పెట్టొద్దంది. సాయం చేయాలని ఉంటే చీపురిచ్చి, ఆ వరసలోని ఆరు గదులు కడగమంది. సెలవు పెట్టుకుని, టికెట్లు కొనుక్కుని, హైదరాబాద్ దాకా వచ్చి గదులు కడగడమా! బావగారు వెంటనే నడుంనొప్పి మాట ఎత్తారు. మేనల్లుడు చీపురు పట్టుకుని ఫొటో దిగి, చీపురు తిరిగిచ్చేశాడు.

దాదాపు ప్రతి కుక్కకూ ఒక చెవి కొస తెగి ఉంది. ఇక్కడ పోట్లాటలు ఎక్కువేమోనని అక్కయ్య భయపడింది. అది గుర్తట. సంతాన నిరోధక ఆపరేషన్, రేబిస్ టీకా అయిపోయాయని దూరం నుంచే తెలిసేలా మత్తులో ఉండగానే చెవికి చిన్న గంటు పెడతారు. ఆ తర్వాత పట్టుకున్న వీధిలోనే వదిలెయ్యాలి. 2001 నాటి నిబంధనలూ అదే చెప్పాయి, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ అదే చెప్తున్నాయి. తమ వీధి కుక్కలుంటే కొత్త కుక్కలను రానివ్వవని, వీటిని ఎత్తుకెళ్తే ఆ ఖాళీలోకి టీకాల్లేని కొత్త గుంపు వస్తుందని దీని వెనకున్న లెక్క.

లెక్క సరే, న్యాయం మాటేమిటి? పదకొండు నెలల అగ్రిమెంటు మీద బతికే నాలాంటి అద్దెదారుడికి ఈ నగరంలో లేని హక్కు ఇది. ఓనరు కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడంటే నేను అమీర్‌పేట నుంచి నిజాంపేటకు పోవాలి. కుక్కను మాత్రం ఏ కరెంటు స్తంభం దగ్గర పట్టారో ఆ స్తంభం దగ్గరే దింపాలి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు చెప్పింది. 22న మార్చి, రేబిస్ ఉన్నవి, దూకుడుగా మీదపడేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడివక్కడే వదలమంది. నవంబరులో మళ్లీ, బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దంది. వీధికుక్క చిరునామా మీద నాలుగు నెలల్లోపే అత్యున్నత న్యాయస్థానం మూడుసార్లు మాట్లాడింది. పాత ఓనరు దగ్గర ఇరుక్కున్న నా అడ్వాన్సు మీద ఇంతవరకు ఎవరూ ఒక్కసారీ మాట్లాడలేదు.

పక్షుల వైపు వెళ్తే ఇంకా విడ్డూరం. సంక్రాంతి మాంజా కోసిన గద్దలు ఉన్నాయి. గాజుపొడి పూసిన నైలాన్ దారం రెక్కకు చుట్టుకుంటే అది గింజుకునే కొద్దీ చర్మం, కండ, నరం వరుసగా తెగుతాయట. ఈ దారాన్ని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. నిషేధం ఎంత కట్టుదిట్టంగా అమలవుతోందంటే, సంక్రాంతికి దాన్ని అడిగి తీసుకోవాలి, బయట వేలాడదీయరు. మేనల్లుడు తన చూపుడు వేలి మీది పాత గాట్లు చూసుకుంటూ కాసేపు మౌనంగా ఉన్నాడు. వాళ్ల వీధిలో వాడి గాలిపటాన్ని కోసినవాడు లేడు.

అక్కడ చప్పుడు చెయ్యొద్దన్నారు. గద్దకు మాట వినిపించకూడదు, మనిషి మొహం ఎంత తక్కువ కనిపిస్తే అంత మంచిదట. “మనుషుల్ని జూస్తె బెదరాలె సార్. బెదిరితెనే ఇడిసిపెడతం. అలవాటైతే మల్ల బయట బతకది” అందామె. అంటే సందర్శకుణ్ణి చూసి ఏ పక్షి ఎక్కువ భయపడితే అది అంత ఆరోగ్యంగా ఉన్నట్టు! ఇలాంటి సూత్రం మీద పర్యాటకాన్ని ఎవరు అభివృద్ధి చేయగలరు?

సర్కస్ సింహాలు ఎక్కడని బావగారు అడిగారు. సర్కస్‌లో పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతులతో ఆటలను కేంద్రం 1998లో నిషేధించింది, 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. విడిపించిన సింహాలను, పులులను దాచింది విశాఖ, తిరుపతి లాంటి చోట్ల. బోనులో పుట్టి పెరిగినవాటికి వేట రాదు కాబట్టి అడవిలో వదల్లేరు. చచ్చేదాకా పోషించాలి, వాటికి పిల్లలు పుట్టనివ్వకూడదు, జనానికి ప్రదర్శించకూడదు. స్టూలెక్కి కూర్చోవడం వచ్చిన సింహాన్ని ఊరికే కూర్చోబెట్టి మేపడం జాతి సంపదను వృథా చేయడం కాదా అని బావగారు అడిగారు. ఆమె గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది.

ఒక గదిలో నాలుగైదు రామచిలుకలు ఉన్నాయి. ఇళ్లలో పెంచుతుంటే అటవీ శాఖవాళ్లు పట్టుకున్నవట. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన చిలుకను పంజరంలో పెట్టడం నేరమని విని అక్కయ్య మొహం మాడ్చుకుంది. వాళ్ల వరండాలో చిలుక ఉంది, ‘ఎవరొచ్చారు’ అని అడుగుతుంది కూడా. నా దృష్టిలో ఇది దేశభక్తి కిందికి వస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్రపక్షి చేసుకుంది. రాష్ట్రపక్షిని ఇంట్లో పెట్టుకుని జామకాయ పెడితే తప్పెలా అవుతుంది? తెలంగాణ ఏమీ వెనకబడలేదు. దసరా రోజు మన రాష్ట్రపక్షి పాలపిట్ట కనబడితే శుభమని మనకో నమ్మకం. వెనకటికి పొలిమేర దాటి చూసొచ్చేవాళ్లు. ఇప్పుడు పొలిమేర ఎక్కడుందో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ మ్యాపు చూస్తే తప్ప తెలియదు కనుక, పిట్టనే పట్టి పంజరంలో పెట్టి మన దగ్గరికి తెస్తున్నారు. డబ్బులిచ్చి దర్శనం చేసుకోవచ్చు. చూసినవాడికి ఏడాదంతా శుభం. పిట్టకు ఆ పూట గడిస్తే అదే శుభం.

గోశాలలో ఒక ఆవు పొట్ట పక్కన కుట్లు. ఆపరేషన్ చేసి ప్లాస్టిక్ తీశారట. ఇలాంటి ఆపరేషన్లలో పదుల కిలోల సంచులు బయటపడతాయట. “గోవుకు పెట్టకుండా నేను పొద్దున ఏమీ ముట్టనమ్మా” అని అక్కయ్య గర్వంగా చెప్పింది. నిజమే. రాత్రి మిగిలినది కవర్లో వేసి, ఈగలు వాలకుండా మూతి గట్టిగా ముడేసి మరీ పెడుతుంది.

మేనల్లుడికి ఒక కుక్కపిల్ల కావాలన్నాడు. ఇక్కడ ఉచితం. కానీ ఫారం నింపాలి, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఆపరేషన్ చేయిస్తారా అని ప్రశ్నలు. పైగా ఇల్లు చూడ్డానికి మనిషిని పంపిస్తారట. “మా ఇంటికి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లే రాలేదండీ” అన్నారు బావగారు. పైగా అది ఊరకుక్క. వాడికి కావలసింది హస్కీ. భీమవరం ఎండకు సైబీరియా కుక్క తట్టుకుంటుందా అంటే, ఏసీ గది ఉందిగా అన్నాడు. పక్క గదిలో ఒళ్లంతా చర్మవ్యాధితో ఒక హస్కీ ఉంది. కరెంటు బిల్లు చూశాక ఎవరో గేటుకు కట్టేసి పోయారట. “వాళ్లది చిన్న ఏసీ అయ్యుంటుంది” అన్నాడు మేనల్లుడు.

బయల్దేరే ముందు బావగారు జేబులోంచి నూట పదహార్లు తీసి విరాళం ఇచ్చారు. పన్ను మినహాయింపుకు 80జీ రసీదు అడిగి తీసుకున్నారు. అంతటితో ఊరుకోకుండా, వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థమని కనబడేచోట పేరు రాయించమన్నారు. వాళ్ల ఊరి రామాలయంలో ట్యూబ్‌లైటు మీద ఆయన పేరు ఉంది, వెలుతురు కాస్త తగ్గినా పేరు స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ ఫ్యాన్లు లేవు, గోడలకు సున్నం వేస్తున్నారు. ఆమె పాపం శ్రద్ధగానే ఆలోచించి, దాతల పేర్లు కుక్కలకు పెట్టే పద్ధతి ఉందని, మెడ బెల్టు మీద రాయిస్తామని చెప్పింది.

“మా నాన్నగారి పేరు కుక్కకా?” బావగారి గొంతు గోశాల దాకా వినబడింది.

“గా మూడు కాళ్లదానికి ఇంక పేరు పెట్టలే సార్,” అందామె. “మస్తు మంచిది. ఎవ్వరి జోలికి పోదు.”