సాయంత్రం ఏడింటి కరెంటు ఎవరిది?

మే నెలలో కర్నూలులోనో నంద్యాలలోనో ఎండ 44, 45 డిగ్రీలకు చేరిన రోజు కరెంటు పోతే జనం మొదట తిట్టేది లైన్‌మన్‌ను, ఆ తర్వాత ప్రభుత్వాన్ని. టీవీ చర్చల్లో గొడవ మాత్రం యూనిట్ ధర చుట్టూనే తిరుగుతుంది. ఎవరి హయాంలో ఎక్కువకు కొన్నారు, ఎవరు ఒప్పందాలు తిరగదోడారు అని. ఏ గంటకు కరెంటు చాలడం లేదు, వచ్చిన కరెంటు ఏ తీగ దగ్గర ఆగిపోతోంది అని అడిగేవాళ్లు తక్కువ. సీమలో వేసవి కోతల కథంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

మధ్యాహ్నం పన్నెండింటికి సీమకు కరెంటు కరువు లేదు. గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. అనంతపురం వైపు నంబులపూలకుంట, కడప వైపు గాలివీడు, మైలవరం ఉన్నాయి. అయితే ఎండ ముదిరేకొద్దీ సోలార్ ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. ప్యానెల్ మీద రాసి ఉండే సామర్థ్యం 25 డిగ్రీల లెక్క. అంతకు మించిన ప్రతి డిగ్రీకీ 0.35 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. గాలి 45 డిగ్రీలుంటే ప్యానెల్ 65 దాటుతుంది. అంటే కాగితం మీది వందలో పదిహేను దాకా వేడికే పోయినట్టు. దుమ్ము సంగతి వేరే. దాన్ని కడగడానికి నీళ్లు కావాలి, ఆ నెలలో నీళ్లు ఎక్కడున్నాయి?

అసలు ఇబ్బంది ఆరున్నర తర్వాత మొదలవుతుంది. పొద్దు గుంకగానే సోలార్ సున్నా. కానీ పగలంతా కాగిన మిద్దె రాత్రి పదకొండింటి దాకా వేడిని ఇంట్లోకి దింపుతూనే ఉంటుంది కాబట్టి కూలర్లు, ఏసీలు అప్పుడే పూర్తి జోరు మీద ఉంటాయి. గాలిమరలు ఆదుకుంటాయా అంటే, రామగిరి, వజ్రకరూరు కొండల మీద అవి దండిగా తిరిగేది నైరుతి గాలులు పట్టుకున్నాక, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఏప్రిల్ ఎండల్లో వాటి మీద ఆశ పెట్టుకోలేం.

ఇక మిగిలింది బొగ్గు, నీళ్లు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. బొగ్గు దూరం నుంచి రైల్లో రావాలి కాబట్టి అక్కడి యూనిట్ ఖర్చు ఎక్కువ. చౌక కరెంటు దొరికినంతసేపూ దాన్ని తగ్గించి నడపమంటారు. కానీ అక్కడి 210 మెగావాట్ల జనరేటర్‌ను 55 శాతం కంటే కిందికి దించడం కష్టం. పూర్తిగా ఆపితే సాయంత్రానికి మళ్లీ అందుకోవడం ఇంకా కష్టం. అంటే రాత్రి ఏడింటి కోసం మధ్యాహ్నమంతా బొగ్గు కాలుస్తూ కూర్చోవాలి. సోలార్ యూనిట్ ఇంత చౌక, థర్మల్ యూనిట్ ఇంత ప్రియం అని పోల్చేవాళ్లు ఈ కాపలా ఖర్చు లెక్కలో వేయరు. శ్రీశైలం టర్బైన్ తిప్పితే నిమిషాల్లో కరెంటు వస్తుంది, నిజమే. కానీ నీటిమట్టం 854 అడుగుల కిందికి పోతే పోతిరెడ్డిపాడు నుంచి సీమకు నీళ్లు సరిగా అందవు. 2021లో రెండు రాష్ట్రాలూ గొడవపడింది ఈ నీళ్లతో కరెంటు తీయడం మీదే. ఎండాకాలం అక్కడ వెలిగే ప్రతి బల్బూ ఏదో ఒక కాలువకు బాకీ.

దీనికి మందు నిల్వ. పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పని అదే. పగటి కరెంటుతో కింది జలాశయం నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదులుతారు. వంద యూనిట్లు పెట్టి తోడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఆ నష్టం భరించదగ్గదే. చిక్కల్లా ఎక్కడంటే, ప్రాజెక్టు మన గుట్టల్లో ఉన్నంత మాత్రాన ఆ సాయంత్రపు కరెంటు మనదైపోదు. నిల్వ సామర్థ్యాన్ని ఎవరు ఒప్పందం చేసుకుంటే వాళ్లది. ఎన్టీపీసీ పిలిచిన 500 మెగావాట్లు, ఆరు గంటల నిల్వ టెండరును 2022 డిసెంబరులో గెలుచుకున్నది ఈ ప్రాజెక్టు కట్టిన గ్రీన్‌కో కంపెనీయే. సీమ నాయకులు అడగవలసింది ఎన్ని వేల కోట్ల పెట్టుబడి వచ్చిందని కాదు. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా మన డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, అందులో ఎన్ని మెగావాట్లు రాయించుకున్నారని.

ధరల గొడవకు అర్థం లేదనను. గాలి కరెంటుకు యూనిట్‌కు 4.84 రూపాయల చొప్పున పాతికేళ్ల ఒప్పందాలు రాసుకున్న రాష్ట్రంలో, కడప పార్కుకే 2017 ఏప్రిల్ వేలంలో సోలార్ 3.15కు దిగింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ ధర. పాత ధరలు కడుపు మండించడం సహజమే. కానీ 2019 జులైలో జీవో 63తో ఆ పాత ఒప్పందాల సమీక్ష మొదలుపెట్టి సాధించిందేమిటి? ముందు హైకోర్టు తాత్కాలికంగా గాలి కరెంటుకు 2.43, సోలార్‌కు 2.44 రూపాయలు చెల్లించమంది. 2022 మార్చిలో పాత ధరే ఇవ్వాలని తేల్చింది. మధ్యలో బకాయిలు పేరుకున్నాయి, పెట్టుబడిదారులు జంకారు. నిల్వ మీద మాట్లాడుకోవలసిన మూడేళ్లు వాయిదాల్లో పోయాయి. ఆ తీర్పు వచ్చిన నెలకే, 2022 ఏప్రిల్‌లో, పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించాల్సి వచ్చింది.

విపత్తు వచ్చినప్పుడు నచ్చని ఇంధనం మీద నెపం వేయడం మన దగ్గరే కాదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ మంచుకు గడ్డకట్టినప్పుడు గ్రిడ్ నాలుగైదు నిమిషాల తేడాతో కుప్పకూలకుండా బయటపడింది. గాలిమరల వల్లే ఇదంతా అని ఆ రాష్ట్ర గవర్నరే టీవీలో అన్నారు. అన్నిటికంటే ఎక్కువగా మూతపడ్డవి గ్యాస్ కేంద్రాలని తర్వాత తేలింది.

మన రాజకీయం చేసిన మేలు కూడా ఒకటి చెప్పాలి. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటల కరెంటు. రాత్రిపూట మోటరు వేయబోయి పాముకాటుకో షాక్‌కో రైతులు పోతున్నారన్న గోడు మీద వచ్చిన నిర్ణయమది. గ్రిడ్ కోణంలో చూస్తే సోలార్ ఉన్న గంటల్లోకి అతి పెద్ద వాడకాన్ని మార్చినట్టయింది. బ్యాటరీ పెట్టకుండానే బ్యాటరీ పెట్టినంత పని. కానీ దాని బరువు పడింది పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ మీద. మునుపు రాత్రి చల్లదనంలో మోసిన లోడును ఇప్పుడు మిట్టమధ్యాహ్నం మోస్తోంది. లోపలి చుట్ల వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే కాగితపు ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుంది.

అనంతపురం లెక్క చూడండి. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు, అంటే మోటర్లకు కరెంటు వెళ్లే తక్కువ వోల్టేజీ వైపు, ఇవ్వగలిగేది 84 ఆంపియర్లు. అయిదు హెచ్‌పీ మోటరు సుమారు పది లాగుతుంది, ఎనిమిది మోటర్లకు సరిపోతుంది. భూగర్భజలం దిగేకొద్దీ బోరు లోతుకు పోయింది, మోటరు పది హెచ్‌పీ అయింది. ఒక్కొక్కటి 18 ఆంపియర్ల చొప్పున అయిదు నడిస్తేనే 90. పైగా అందరికీ ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే అయిదూ ఒక్కసారి లేస్తాయి. నేరుగా లేచే మోటరు ఆరు రెట్లు లాగుతుంది కాబట్టి ఆ రెండు మూడు సెకన్లు 500 ఆంపియర్ల పైమాటే. ఫ్యూజు కొట్టేస్తుంది. మాటిమాటికీ కొట్టేస్తోందని ఎవరో మందపాటి అల్యూమినియం తీగ చుడతారు. ఇక ఫ్యూజు పోదు, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. దాన్ని ట్రాక్టరులో వేసుకొని మరమ్మతు కేంద్రానికి తిరగాల్సింది చివరికి రైతే.

దీనికి సోలార్ పార్కులూ వేల కోట్లూ అక్కర్లేదు. పది హెచ్‌పీ మోటరుకు నాలుగు కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే లాగే కరెంటు తగ్గి వోల్టేజీ నిలబడుతుంది. ఉచిత విద్యుత్తు మొదలైన కొత్తలో ఇది షరతే, ఎవరూ పట్టించుకోలేదు. మార్చిలోనే ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ మట్టం, అది గాలి పీల్చుకునే బ్రీదర్‌లోని సిలికా జెల్ చూడాలి. నీలం పోయి గులాబీ రంగుకు తిరిగిందంటే తేమ పట్టిందని. ఆటో స్టార్టర్లు తీసేయమంటే రైతు వినడు, వినాల్సిన పనీ లేదు, పగలంతా కరెంటు కోసం కాచుకోలేడు కదా. వాటిలో టైమర్ పెట్టి, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లను 30, 60, 90 సెకన్ల తేడాతో లేపితే చాలు. ఈదురుగాలికి పడిన స్తంభం నిలబెట్టి, లైన్ క్లియర్ (లైన్ ఆపి పని చేసుకునే అనుమతి) వాపసు చేసి, ఫీడర్‌కు మళ్లీ కరెంటు ఇచ్చిన మరుక్షణమే మళ్లీ ట్రిప్పయ్యేది చాలాసార్లు ఈ మోటర్లన్నీ ఒక్కసారే లేచినందుకే.