చేతులు వణకకపోయినా షుగర్ పడిపోతుంది

"షుగర్ డౌన్ అయితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. అవి లేకపోతే భయం లేదు" అని మొదలయ్యే వాట్సాప్ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఫార్వర్డ్ చేసేముందు ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్లు ఒక్కసారైనా గుర్తుకు రారా?

షుగర్ మాత్రలు వాడేవాళ్లకు లో షుగర్ రాదని ఆ మెసేజ్ అంటోంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్లకు భోజనం ఆలస్యమైతే చాలు, పడిపోవచ్చు. షుగర్ పడిపోతే చాక్లెట్ తినమన్నదీ తప్పే. అందులోని కొవ్వు వల్ల చక్కెర ఒంటికి అందడం ఆలస్యమవుతుంది.

అసలు ప్రమాదం ఆ మొదటి మాటలోనే ఉంది. వణుకు, గుండెదడ అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల వస్తాయి. షుగర్ పదేపదే పడిపోతుంటే ఒంటికి అలవాటై ఆ హెచ్చరికే రాకుండా పోతుంది. బీపీకో గుండెకో ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడుతుంటే దడ, వణుకు అణిగిపోతాయి, చెమట మాత్రం పడుతుంది. అలాంటివాళ్లలో ముందు తేడా కనిపించేది మాటలో, తీరులో: అడిగిందే అడగడం, మాట ముద్దగా రావడం, ఊరికే కసురుకోవడం, కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండా అలా చూస్తూ ఉండిపోవడం. రాత్రిపూటైతే దిండు తడిసేంత చెమట, పీడకలలు, లేవగానే తలనొప్పి. "వణకట్లేదుగా, పడుకోనివ్వండి" అని వదిలేస్తే ఫిట్స్ దాకా వెళ్తుంది. మద్యం తాగి ఉంటే మరీ ప్రమాదం. చూసేవాళ్లు మత్తు అనుకుంటారు, లోపల లివరేమో గ్లూకోజ్ సరిగా వదలదు.

మీటర్ అక్కర్లేదట! షుగర్ 70 mg/dL కన్నా తగ్గిందో, మరీ ప్రమాదకరంగా 54 కన్నా తగ్గిందో మొహం చూసి చెప్పేస్తారా? చెయ్యి కడిగి, తుడుచుకుని చూడాలి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే లేని షుగర్ చూపిస్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి: మీటర్ దగ్గర లేకపోతే ఆగకుండా తీపి తీసుకోమన్నారు, అది సరైన మాటే. అనుమానం వస్తే చాలు.

తీపి అంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, లేదా మూడు నాలుగు టీస్పూన్ల పంచదార కలిపిన నీళ్లు. 15 నిమిషాలాగి చూసి, 70 దాటకపోతే మళ్లీ అంతే. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు కలిసిన షుగర్ మాత్రలు వాడేవాళ్లకు మాత్రం పంచదార సరిగా పనిచేయదు, ఆ మందు దాన్ని పేగులో విడగొట్టనివ్వదు. వాళ్లకు గ్లూకోజే ఇవ్వాలి.

ఇక స్పృహ తప్పినవాళ్ల నోట్లో పంచదార నీళ్లు పోయాలట. గుటక వేయలేని మనిషికి పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకే పోతాయి. దయచేసి ఆ పని చేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉండి, వేయడం తెలిస్తే వేయండి.

తేరుకున్నారు కదా అని వదిలేయకూడదు. గ్లిమెపిరైడ్ లాంటివి గంటల తరబడి పనిచేస్తాయి, ఎక్కిన షుగర్ మళ్లీ పడొచ్చు. ఇడ్లీయో అన్నమో పెట్టి, మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి. కిడ్నీ సమస్య ఉన్న పెద్దవాళ్లయితే లేచి మాట్లాడుతున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి.