టీ కన్నా బట్ట మానేయడమే కష్టం

అమెరికా ఇంకా బ్రిటన్ వలసగా ఉన్నప్పుడు, పన్నులకు నిరసనగా అక్కడి స్త్రీలు బ్రిటిష్ సరుకులు మానేసిన తీరు మీద వచ్చిన వ్యాసం చదివాను. టీ మానేయడమే వాళ్ల పోరాటమంతా అన్నట్టు అందులో రాశారు, ఒప్పుకోలేను. 1770లో బోస్టన్‌లో 300 మందికి పైగా గృహిణులు జబ్బు చేస్తే తప్ప టీ ముట్టమని సంతకాలు పెట్టిన మాట నిజమే. టీకి బదులు రాస్ప్‌బెర్రీ ఆకు కాచుకోవచ్చు. మరి బ్రిటిష్ బట్ట మానేస్తే ఏం కట్టుకోవాలి? ఇంట్లో నూలు తీయాల్సిందే. లినెన్ నూలు కావాలంటే అవిసె (ఫ్లాక్స్) మొక్కను వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి, గింజ రాల్చి, కాడల్ని నీళ్లలో నానబెట్టాలి. నానడం చాలకపోతే నార పుల్లను వదలదు, ఎక్కువైతే నారే కుళ్లి వడికేటప్పుడు పుటుక్కున తెగుతుంది. తర్వాత మళ్లీ ఎండబెట్టి, పుల్ల విరగ్గొట్టి, ఇనుప పళ్ల దువ్వెనతో దువ్వాలి. పొట్టి నార ముతక బట్టకే పనికొస్తుంది. పొడుగు నారను వేళ్లు తడుపుకుంటూ రాట్నం మీద వడకాలి. ఒక్క మగ్గాన్ని ఆగకుండా నడపాలంటే చాలామంది వడికేవాళ్లు కావాలి. అందుకే న్యూ ఇంగ్లండ్‌లో (బోస్టన్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతం) ఆడవాళ్లు రాట్నాలు మోసుకొచ్చి పాస్టర్ల ఇళ్లలో రోజంతా కలిసి వడికారు. ఇంత చేసినా దిగుమతి బట్ట లోటు పూర్తిగా తీరలేదు. వర్జీనియా తోటల్లోనైతే ఈ పని బానిస స్త్రీలతో చేయించారు, వాళ్ల ఊసే వ్యాసంలో లేకపోవడం పెద్ద లోపం.