గాలిలో ల్యాంపు

మా డిజైన్ టీమ్‌లో పెన్సిల్ కన్నా ముందు చేతులు లేస్తాయి. ఆ రోజు టేబుల్ ల్యాంపు గురించి మీటింగు. మా లీడ్ కాగితం జోలికే పోలేదు. కుడిచేత్తో గాలిలో గుండ్రటి పీట వేసి, దాని మీంచి మెడ పైకి లాగి, చివర అరచేతిని దొప్పలా బోర్లించి "ఇదీ!" అన్నారు.

అందరికీ కనిపించింది. ఒకావిడ వేలు చాచి ఆ దొప్పను కాస్త కిందికి వంచింది. ఇంకొకతను మెడ పట్టుకుని పొడుగు తగ్గించాడు. ఆలస్యంగా వచ్చిన కుర్రాడు నీళ్ల సీసా కోసం బల్ల మీదుగా చెయ్యి చాపితే "ల్యాంపు! ల్యాంపు!" అని నలుగురం అరిచాం. వాడు గబుక్కున చెయ్యి లాక్కుని సారీ చెప్పాడు. మాకు కాదు, ల్యాంపుకి.

ఈ పిచ్చి మా ఒక్కరిదే కాదట. జాన్ టాంగ్ అనే పరిశోధకుడు డిజైన్ బృందాల వీడియోలు చూసి 1991లో రాసిన దాని ప్రకారం, చేతులు చేసే పనుల్లో సుమారు మూడోవంతు సైగలే. గీతకైతే కాగితం మీద గుర్తు మిగులుతుంది. సైగకి అదీ ఉండదు.

మోడల్ చేసే పని నా నెత్తిన పడింది. ముందుజాగ్రత్తగా మీటింగులో ఫోటో తీసుకున్నాను కూడా. రాత్రి తెరిచి చూస్తే, ఓ పెద్దమనిషి చెయ్యి వంకరగా పెట్టుకుని నవ్వుతున్నాడు, అంతే.

ఇక జ్ఞాపకమే దిక్కు. మెడ జానెడు అన్నారు కదా అని నా జానతో కొలిచాను. ఆయన ఆజానుబాహువు, నావేమో చిన్నపిల్లల చేతులు. స్విచ్ ఎడమవైపు పెట్టాను. ఆయన నాకు ఎదురుగా కూర్చున్నారన్న సంగతి ఫోమ్ కోసేశాక గుర్తొచ్చింది.

మర్నాడు మోడల్ బల్ల మీద పెట్టాను. పొట్టి మెడనీ, అటుతిరిగిన స్విచ్‌నీ ఆయన పట్టించుకోలేదు.

"మెడ మధ్యలో ఈ మూపురం ఏమిటయ్యా?"

"మీరే చూపించారు సార్. రెండుసార్లు. గట్టిగా."

ఆయన కాసేపు ఆలోచించారు.

"అది ఈగ."

నేను మారుమాట్లాడకుండా కాగితం, పెన్సిల్ ఆయన ముందుకు జరిపాను. ఆయన పెన్సిల్ అందుకుని, లేచి నిలబడి, "చూడు, ఇలా..." అంటూ దాంతో గాలిలో గీయడం మొదలుపెట్టారు. నేను మాత్రం గదిలో ఈగ ఎక్కడుందా అని వెతుకుతూ కూర్చున్నాను.