షిరిడీలో ఈ పళ్లెం దోపిడీ ఆగేదెప్పుడు?

మహారాష్ట్రలోని ధర్మాబాద్ చుట్టుపక్కల తెలుగువాళ్లం మొక్కుంటే రైలెక్కి నాగర్‌సోల్‌లో దిగి షిరిడీ వెళ్తాం. అక్కడ మన మాట వినపడితే చాలు, పూజ సామాన్ల కొట్లవాళ్లు వెంటపడతారు. "అమ్మా, చెప్పులు ఇక్కడ వదలండి, ఫ్రీ" అంటారు. వదిలామా, ఇక అయిపోయినట్టే! గులాబీలు, పేడాలు, చిన్న శాలువా సర్దిన పళ్లెం చేతిలో పెట్టేస్తారు. ధర మాత్రం దర్శనమై తిరిగొచ్చాక చెప్తారు. మా అత్తయ్య అడిగింది రెండు గులాబీలు. ఆరువందలు గుంజారు. పెద్దావిడ కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెడుతుంటే నాకు కడుపు మండిపోయింది. 1918లో సమాధి అయిన బాబా ఇంటింటా భిక్షమెత్తి, పాత మసీదులో బతికారు. ఇప్పటికీ ఊదీ (విభూతి) ఉచితమే, మామూలు దర్శనానికీ పైసా అక్కర్లేదు. మరి గుడి బయట ఈ దౌర్జన్యం ఏంటి? కొట్టు ముందు ధరల బోర్డు పెట్టించడం అంత కష్టమా?